ఆరో అంతస్తు మహారాణి

పట్టపగలు దుప్పటి ముసుగేసుకుని కూచున్న కోడల్ని చూసి సంతోషమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. జ్వరమొచ్చి పడుకుంటే అదో లెక్క. చలేసి ముడుచుకుంటే అదో లెక్క. బయట ఫిబ్రవరి ఎండ టార్పాలిన్ మీద పరిచిన కాఫీ గింజల మీద ఫెళఫెళా కాస్తోంది. ఈ పిల్లేమో మంచం మధ్యన బాసింపట్టు వేసుకుని, నెత్తిమీంచి మందపాటి దుప్పటి కప్పుకుని, లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. దుప్పటి అంచు కింద ల్యాప్‌టాప్ వెలుతురు నీలంగా కనిపిస్తోంది. మాటలు సరిగ్గా వినపడలేదు. ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది.

"ఓడిపోతే భయపడకండి, మళ్ళీ మొదలుపెట్టొచ్చు."

ఎవరితో ఏం మొదలుపెడుతుందట? సంతోషమ్మ వచ్చిన అడుగుల మీదే వెనక్కి పెరట్లోకి వెళ్ళి, చెక్క దంతె అందుకుని గింజలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకి చాళ్ళు తీసినట్టు లాగడం, మళ్ళీ అడ్డంగా లాగడం. తొక్క వదలని గింజల్ని ఏరి పక్కన పారేసింది. ఒకటి పంటికింద పెట్టి కొరికి చూసింది. ఇంకా మెత్తగానే ఉంది, మరో నాలుగెండలు కావాలి. చెయ్యి గింజల మీదే ఉంది గానీ చెవి మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయింది.

కొడుకు ఆల్విన్ డొంకరాయి పవర్‌హౌస్‌లో పని. పదిహేను రోజులకోసారి వస్తాడు, రెండు రోజులుండి పోతాడు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. మొగుడు దగ్గర లేని పిల్ల దుప్పటి కింద గుసగుసలాడుతుంటే ఏ అత్త మనసైనా మంచి వైపు పోతుందా? పోదు. సంతోషమ్మది అసలే పోదు.

మర్నాడు కోడలు జాయ్స్ కుళాయి దగ్గరికి వెళ్ళిన సందు చూసుకుని ఆమె గదిలోకి తొంగి చూసింది. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెరమీద పసుపుపచ్చ జుట్టు గుంట ఒకతె, చేతిలో కత్తి. భుజాలకి ఇనుప కవచం బాగానే ఉంది. నడుం దగ్గరికొచ్చేసరికి మాత్రం జానెడు గుడ్డ, అదీ గాలికి ఎగురుతోంది. బొమ్మ కింద రాసిన అక్షరాలు తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు, అగ్గిపుల్లలు పేర్చినట్టున్నాయి.

"ఓలమ్మో!" అని సంతోషమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. ఆదివారం బడిలో పిల్లలకి దావీదు కథ చెప్పే పిల్ల ఇంట్లో పెట్టుకుని చూసేది ఇదా!

కొడుక్కి ఫోన్ చేసింది. "ఏట్రా, నీ పెళ్ళాం సేత్తన్న పనేటి?"

"డ్యూటీ దిగి ఇప్పుడే పడుకున్నానమ్మా. ఏదో గేముల మీద మాట్లాడతాది. హైదరాబాదోళ్ళ ఛానెల్‌కి పంపుతాది. ఏం?"

"ఏటీ నేదు."

"నువ్వే అడగొచ్చుగా దాన్ని."

అడగడమా! సంతోషమ్మ అడిగే మనిషి కాదు. చూసే మనిషి, వినే మనిషి, సంచీ తడిమి చూసే మనిషి. అడిగితే అబద్ధం చెప్తారు, అడక్కుండా కాచుకుంటే నిజం దానంతటదే బయట పడుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె సంసారం ఈదింది. ఇప్పుడు కొత్తగా మార్చుకోవాల్సిన పనేం కనపడలేదు.

*

సంఘంలో ఆడవాళ్ళ ప్రార్థన శుక్రవారం మధ్యాహ్నం, వారానికొకరింట్లో. ఆ వారం పక్కింటి సుజానా వంతు. పాటలయ్యాక ప్రార్థన విన్నపాలు అడుగుతారు. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి దేవుడి ముందు పెడతారు. మంచి ఆచారమే, కాదనేవాళ్ళెవరు? కాకపోతే కుళాయి దగ్గర చెబితే చాడీ అయ్యే మాట, అక్కడ కొంగు నెత్తిన వేసుకుని కళ్ళు మూసుకుని చెబితే భక్తి అవుతుంది.

సంతోషమ్మ కళ్ళు మూసుకుంది.

"మా ఇంట్లో ఒక బిడ్డ కోసం పార్దన సెయ్యండమ్మా. పేరు సెప్పను. పట్టపగలు దుప్పటి కప్పుకుని ఎవళతోనో మాటలాడతన్నాది. కంప్యూటర్లో సూడరాని బొమ్మలు సూత్తన్నాది. ఆ బిడ్డకి దేవుడు మంచి బుద్ధి ఇవ్వాల."

పేరు చెప్పలేదు, నిజమే. ఇంట్లో ఉన్నది ఇద్దరు. అందులో ఒకరు ఆవిడే. రెండో మనిషెవరో పోల్చుకోలేనంత తెలివితక్కువ వాళ్ళెవరూ ఆ చాప మీద లేరు. అందరూ గట్టిగా, మామూలు కంటే కొంచెం ఎక్కువ గట్టిగానే ప్రార్థించారు.

వెళ్ళేటప్పుడు సుజానా వెనకే వచ్చి అంది. "అక్కా, మన సెక్రటరీగారి సెవిన కూడా ఒక మాటేత్తాను. పెద్దోళ్ళు కూడా పార్దిత్తారు కదా."

వద్దనడానికి సంతోషమ్మ నోరు తెరిచింది. కానీ ప్రార్థన వద్దని ఎలా అంటుంది? "సరేలే," అని ఇంటికొచ్చేసింది. ఆ పూట ఆమెకి అన్నం సయించింది, నిద్రా పట్టింది.

మర్నాడు సాయంత్రం సుజానా ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో అర నిమిషం వీడియో. మళ్ళీ అదే పసుపుపచ్చ జుట్టు గుంట, అదే జానెడు గుడ్డ. వెనక గొంతు మాత్రం ఎవరిదో కాదు, క్రిస్మస్‌కి గుడిలో వాక్యం చదివిన గొంతే.

"ఈ ఆటలో నాకు బాగా నచ్చినవి చాలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఇంత ఇష్టంగా ఒక ఆట ఆడి చాలా రోజులైంది..."

అక్కడికి తెగిపోయింది.

"సెక్రటరీగారబ్బాయి షాలోమ్ పట్టుకున్నాడక్కా," అంది సుజానా ఆయాసపడుతూ. "విన్నపం సంగతి నిన్న వరప్రసాదంగారికి సెప్పినానా, రాత్రికల్లా ఆ అబ్బాయి ఎతికి పట్టేసినాడు. జపానోళ్ళ ఆటంట. పెద్దోళ్ళకి మాత్రమే అని పైన రాసుంటాదంట. సీ సీ!"

"అంత బేగి ఎలా దొరికినాదే?"

"సదువుకున్నోడు కదక్కా. యూత్ లీడరు."

అవును, చదువుకున్నవాడు. సంతోషమ్మ అంతటితో ఊరుకుంది. లోకంలో అందరినీ అనుమానించే మనిషికి ఆ ఒక్క చోట అనుమానం రాలేదు చూడండి!

*

ఆదివారం ఆరాధన చివర్లో ప్రకటనలు. పాస్టరు అయ్యగారు మెత్తటి మనిషి, కోడిని అదిలించాలన్నా మొహమాటపడే రకం. గుడి ఊడ్చే వంతులు చదివారు. కానుకల సంగతి చదివారు. అదే గొంతుతో, కళ్ళు కాగితం మీంచి ఎత్తకుండా, "సహోదరి జాయ్స్ మీద వచ్చిన ఒక విషయం విచారణలో ఉంది గనక, అది తేలేవరకు ఆమె సండే స్కూలు చెప్పదు, వచ్చే ఆదివారం బల్లలో పాలు పొందే సంగతి కూడా పెద్దలు శనివారం నిర్ణయిస్తారు," అని చదివి, ముగింపు పాట నంబరు చెప్పారు.

జాయ్స్ ముందు వరసలో పిల్లల మధ్యన కూచుంది. ఒళ్ళో ఒక చంటిది నిద్రపోతోంది. ఆమె కదల్లేదు. పాట అయ్యేదాకా ఆ పిల్ల వీపు మీద నెమ్మదిగా చెయ్యి తడుతూనే ఉంది. తర్వాత లేచి పిల్లని తల్లికి అందించి, కథల బొమ్మలున్న సంచీని రెండో టీచరు పక్కన పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఎవరూ పలకరించలేదు. వందనాలు చెప్పాల్సిన వాళ్ళు కూడా గొడుగులు వెతుక్కున్నారు. వానే లేదు, గొడుగులెందుకో!

బల్ల నుంచి ఆపడమంటే ఏమిటో ఆ సంఘంలో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. రొట్టె, ద్రాక్షారసం అందరికీ వస్తాయి, నీ దగ్గరికొచ్చేసరికి పళ్ళెం పక్కకి తిరిగిపోతుంది. ఆ ఒక్క తిప్పుడు ఊరంతా చూస్తుంది. తర్వాత నీ ఇంట్లో చుట్టం వచ్చినా, నువ్వు శుభకార్యానికి పోయినా ఆ చూపు నీ వెంటే వస్తుంది. జాయ్స్ తండ్రి రాజవొమ్మంగి సంఘంలో పెద్ద. కబురు అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? కోడలు మంచిదని ఊరందరి ముందూ చెప్పుకుని తెచ్చుకున్నది సంతోషమ్మే. ఇప్పుడు ఆ పేరు మట్టిలో కలవబోతోంది, కలిపింది కూడా తనే.

"నాను పేరు సెప్పనేదు," అనుకుంది దారి పొడుగునా.

ఇంటికొచ్చాక జాయ్స్ చీర మార్చుకుని, పెరట్లోకి వచ్చి దంతె అందుకుంది. గింజలు లాగుతూనే అంది. "ఇది ఎవరు పెట్టారో నాకు తెలుసు అత్తమ్మా. సుజానా పిన్నే. మొన్నామధ్య కిటికీలోంచి తొంగి చూసింది."

కాదని చెప్పడానికి అదొక్కటే వేళ. ఆ వేళ దాటిపోతోందని కూడా సంతోషమ్మకి తెలుసు.

"సుజానాది కాత్త తొందర బుద్దేలే," అంది.

అలా ఒక తప్పు మీద ఇంకో తప్పు ఎక్కి కూచుంది.

*

సోమవారం పొద్దున్న జాయ్స్ ఫోన్ తెచ్చి అత్త పక్కన పీట మీద పెట్టింది. సంతోషమ్మ చేటలో గింజలు చెరుగుతోంది.

"మొత్తం వినండత్తమ్మా. వాళ్ళు పెట్టింది అర నిమిషం. ఇది అరగంట. విన్నాక మీరు కూడా తప్పంటే నేనే అయ్యగారి దగ్గరికెళ్ళి ఒప్పుకుంటాను."

"నాకేటి అర్దమవుద్ది."

"తెలుగులోనే కదా చెప్పాను."

ఫోన్‌లోంచి జాయ్స్ గొంతు వచ్చింది. ఎదురుగా కూచున్న జాయ్స్ నోరు కదపడం లేదు. మొదట్లో అదే వింతగా అనిపించింది సంతోషమ్మకి.

"ఇది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి మాత్రమే. నిండనివాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోండి. కథేంటంటే, ఒక గోపురం ఉంది. ఏడంతస్తులు. ఊళ్ళో ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమైపోతుంటారు. వాళ్ళని వెతుక్కుంటూ కత్తి పట్టిన గుంట ఒకతె గోపురం ఎక్కుతుంది. ఆ గుంటని నడిపించేది మనం."

చేట ఆడుతూనే ఉంది. పొట్టు ఎగిరి పక్కన పడుతోంది.

"ముందు బలాలు చెప్తాను. దెబ్బలాట తొందరపడితే గెలవలేం. ఎవరి వంతు వాళ్ళకి వస్తుంది. మన వంతు వచ్చేదాకా ఆగి, ఎదటివాడి బలమేంటో చూసుకుని కొట్టాలి. దారి వాళ్ళు చూపించరు, ఎక్కిన మెట్టల్లా మనమే గీసుకోవాలి. సంగీతం చాలా బాగుంది, కొండ మీద పొద్దున్నే మంచులో నడుస్తున్నట్టుంటుంది. మొదటి అంతస్తులో గంజి కాసే ముసలావిడ ఉంది. ఆమెకి కట్టెలు తెచ్చిస్తే డబ్బివ్వదు, కత్తివ్వదు. తప్పిపోయిన కూతురి గురించి ఒక్కో రోజు ఒక్కో మాట చెబుతుంది. ఆ మాటల కోసమే నేను మళ్ళీ మళ్ళీ కిందికి దిగి కట్టెలు తెచ్చాను."

సంతోషమ్మ చేతిలో చేట ఆగింది. ఆ సంగతి ఆమె గమనించుకోలేదు.

"ఇంక లోపాలు. కవచం ఖరీదు పెరిగేకొద్దీ గుడ్డ తగ్గిపోతుంది. ఏ యుద్ధంలో ఏ కమ్మరి అలా చేస్తాడో చేసినవాళ్ళకే తెలియాలి. అది నవ్వుకుని వదిలెయ్యొచ్చు. వదలకూడనిది ఇంకోటుంది. మన గుంట ఓడిపోయినప్పుడు ఆమెని అవమానపరుస్తారు. దాన్ని దాచరు, ఆడేవాడికి బహుమానంలా చూపిస్తారు. గెలిచినప్పటి కంటే ఓడినప్పటి బొమ్మ మీదే ఎక్కువ కష్టపడ్డారు. అంటే కొందరు కావాలని ఓడిపోతారని వాళ్ళకి తెలుసు. మాయమైన ఆడపిల్లల్ని కాపాడమని పిలిచి, చివరికి మనల్ని ఎవరి పక్కన నిలబెడుతున్నారు? ఇంత మంచి కథని ఇంత నీచానికి వాడుకున్నందుకు నాకు ఒళ్ళు మండింది. నాలుగో అంతస్తు దగ్గర ఆపేశాను. ఆ పైన ఏముందో నాకు తెలీదు, తెలిసినట్టు చెప్పను. మీకు నా సలహా, కొనకండి."

ఫోన్ ఆగిపోయింది. పొట్టు తినడానికొచ్చిన కోడిని కూడా సంతోషమ్మ తోలలేదు.

"ఆ ముసల్దాని కూతురు దొరికినాదా?" అని అడిగింది.

జాయ్స్ నవ్వింది. గుడిలో ఆ ప్రకటన విన్నాక అదే మొదటిసారి. "తెలీదత్తమ్మా. అది తేలాలంటే ఇంకా పైకెక్కాలి."

నవ్వు చూసేసరికి సంతోషమ్మకి మళ్ళీ బిగుసుకోవాలనిపించింది. "అదంతా సరే. ఆ రోతంతా నీ కళ్ళతో నువ్వు సూసినట్టే కదా?"

"చూశాను. కళ్ళు మూసుకున్న చోట్ల మూసుకున్నాను. చూడకుండా చెబితే చాడీ అవుతుంది కదా."

సంతోషమ్మ గబుక్కున చేట పైకెత్తి చెరగడం మొదలుపెట్టింది. గింజలు కూడా ఎగిరి పొట్టులో పడ్డాయి.

"మరి దుప్పటేటి?"

"మీ కోళ్ళ గోల రికార్డింగులో పడకుండా," అంది జాయ్స్.

ఆ వారమంతా సంతోషమ్మ ఆ అరగంట మాటల్ని తన ఫోన్‌లో వేయించుకుని మళ్ళీ మళ్ళీ వింది. తప్పు పట్టుకోవడానికే వింటున్నానని తనకి తను చెప్పుకుంది. శుక్రవారానికల్లా పాటల పుస్తకంలో పాటలా మొత్తం నోటికొచ్చేసింది. తప్పు మాత్రం దొరకలేదు.

*

శనివారం మధ్యాహ్నం గుడి పక్క గదిలో విచారణ. పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూచున్నారు. మధ్యన అయ్యగారు, ఆయన పక్కన కార్యదర్శి వరప్రసాదం. జాయ్స్‌కి ఎదురుగా వెనక ఆనుకోడానికేమీ లేని బల్ల వేశారు. సంతోషమ్మ అడక్కుండానే వెళ్ళి ఆ బల్ల మీదే రెండో చివర కూచుంది. తెల్లచొక్కా ఇస్త్రీ నలగని షాలోమ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మొత్తం వినిపిస్తానండి అయ్యగారూ," అంది జాయ్స్.

"ఆ బురదంతా మా చెవుల్లో పొయ్యాలా తల్లీ?" అన్నాడు వరప్రసాదం. "నచ్చిందని నీ నోటితోనే చెప్పావు. అందరూ విన్నారు."

"నచ్చనివి కూడా చెప్పాను కదండీ."

"దొంగసారా రుచి చూసి బాలేదంటే తాగనట్టవుతుందా?"

పెద్దల్లో ఒకరిద్దరు తలలూపారు. అయ్యగారు నుదురు తుడుచుకున్నారు. "షాలోమ్, నువ్వు చూసింది చెప్పు బాబూ. క్లుప్తంగా."

షాలోమ్ ఒకడుగు ముందుకేశాడు. యూత్ మీటింగులో ప్రసంగం చేసే గొంతు అతనిది. "అయ్యగారూ, ఇది మామూలు ఆట అని అక్క అంటోంది. కాదండి. పై అంతస్తులకి వెళ్ళేకొద్దీ దాని అసలు రూపం బయటపడుతుంది. ఆరో అంతస్తులో ఒక మహారాణి ఉంటుంది. ఆమె చేతిలో ఓడిపోతే ఏం చూపిస్తారో నేను చెబితే పెద్దలు ఈ గదిలో కూచోలేరు. అలాంటి దాన్ని మన సండే స్కూలు టీచరు మెచ్చుకుంటోంది."

గదిలో "ప్రభువా" అన్నారెవరో. సంతోషమ్మకి మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ అరగంట ఆమెకి అక్షరం అక్షరం తెలుసు. మెట్లు తెలుసు, గంజి కాసే ముసలావిడ తెలుసు. మహారాణి ఎక్కడినుంచి వచ్చింది?

"బావూ షాలోమ్," అంది. "ఆ మహారాణి సంగతి మా గుంట సెప్పినాదా?"

"అదే ఆట కదా ఆంటీ."

"ఆట అదే. మా గుంట నాలుగో అంతస్తులో ఆపేసినాది. ఆ పైన ఏటున్నాదో తెలీదని సెప్పినాది. నాను పదిసార్లు ఇన్నాను. ఆరో దాంట్లో మహారాణి ఉన్నాదని నీకెవలు సెప్పినారు?"

షాలోమ్ చెయ్యి కాలరు మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న సామెత అందరికీ ఒక్కసారే గుర్తొచ్చి ఉండాలి, గదిలో చూపులన్నీ ఆ కాలరు మీదికే పోయాయి.

"వాడు విచారణ కోసం చూశాడు చెల్లెమ్మా," అన్నాడు వరప్రసాదం. "చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"ఆరో అంతస్తు వారం రోజుల్లో అందదండి," అంది జాయ్స్ నెమ్మదిగా. ఆమె షాలోమ్ వంక చూడలేదు, నేల వంక చూస్తూ చెప్పింది. "నాలుగో దానికే నాకు వారాలు పట్టాయి. పై అంతస్తుకి పోవాలంటే కింద అంతస్తులన్నీ పూర్తి చెయ్యాలి."

వరప్రసాదం కొడుకు వంక చూశాడు. ఆ చూపు విచారణది కాదు, ఇంటికెళ్ళాక మాట్లాడే చూపు. షాలోమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మూలకి తరిమిన కుక్కపిల్లలా అటూ ఇటూ చూసి, సంతోషమ్మ మీదికి తిరిగాడు.

"నన్నంటారేంటి ఆంటీ? అసలు మొదలెట్టింది మీరు కాదా? దుప్పటి కింద మాట్లాడుతోంది, చూడరాని బొమ్మలు చూస్తోంది, ప్రార్థన చెయ్యండని అడిగింది మీరే కదా!"

జాయ్స్ తలెత్తింది. అత్త వంక చూసింది. కోపంగా చూస్తే సంతోషమ్మ తట్టుకునేది, ఏడ్చినా తట్టుకునేది. అడ్రసు తప్పి వేరే ఇంట్లోకి వచ్చిన మనిషిలా చూసింది.

అయ్యగారు లేచారు. "ఇది ఇక్కడితో ఆపుదాం. జాయ్స్ రేపు బల్లకి రావచ్చు. సండే స్కూలు సంగతి తర్వాత చూద్దాం. షాలోమ్‌తో నేను విడిగా మాట్లాడతాను. కుర్రాడు, సంబంధాలు చూస్తున్నారు, బయటికి పొక్కితే బాగుండదు. రేపు ఎప్పట్లాగే పళ్ళెం తనే తెస్తాడు. తేకపోతే నలుగురూ ఎందుకని అడుగుతారు."

"ఈ గుంటకి విడిగా ఎందుకు సెప్పనేదయ్యగారూ?" సంతోషమ్మ అడిగింది. "గుడంతా ఇనేలా సదివినారు కదా. ఈ గుంటకి పేరు నేదా?"

అయ్యగారు ఆమె వంక చూసి, చూపు దించుకున్నారు. "అందరం కళ్ళు మూసుకుందాం," అన్నారు. మూసుకున్నారు.

*

ఇంటికి వచ్చేదారిలో జాయ్స్ ముందు నడిచింది. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మలుపు దగ్గర సంతోషమ్మ అందుకోవాలనుకుంది గానీ ధైర్యం చాలక అదే అడుగున నడిచింది. ఆ పిల్ల నడక పెంచలేదు, తగ్గించనూ లేదు. ఇద్దరి మధ్యా అంతే దూరం ఉండిపోయింది.

సాయంత్రం గింజలు కుప్ప చేసి టార్పాలిన్ మడిచేటప్పుడు చెరో కొసా పట్టుకోక తప్పదు. పట్టుకున్నారు. మడత మీద మడత వేసుకుంటూ దగ్గరికొచ్చారు.

"పేరు సెప్పనేదే నాను," అంది సంతోషమ్మ.

"ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదా అత్తమ్మా."

అంతే. తన కొస అత్త చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, కోళ్ళని మూసింది. మాటకి మాట జవాబు చెప్పింది గానీ మాట కలపలేదు. సుజానా మీద వేసిన నింద సంగతి ఎత్తనేలేదు. ఎత్తి ఉంటే ఎంత బాగుండునో, నాలుగు తిట్టించుకుని తేలికపడేదాన్ని అని సంతోషమ్మ అనుకుంది. తిట్టే హక్కున్నవాళ్ళు తిట్టకపోతే ఆ బరువు దించుకునేదెక్కడ?

ఆదివారం గుడి నిండింది. బల్లారాధన నాడు ఎప్పుడూ నిండుతుంది. ఈసారి జాయ్స్ దగ్గర పళ్ళెం ఆగుతుందా, తిరుగుతుందా చూడాలని మరికొంత నిండింది. అయ్యగారు ఆమె విషయం తేలిపోయిందని చదవలేదు. ఆపడం పదిమందిలో చదివారు, విడిచిపెట్టడం ఎవరికి వాళ్ళే గ్రహించాలి.

జాయ్స్ మూడో వరసలో కూచుంది. సంతోషమ్మ ఆమె పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూచుంది. వెనక వరసలో సుజానా.

ఎవరికి వారు తమని తాము పరీక్షించుకుని రొట్టె తీసుకోమని అయ్యగారు నెలనెలా చెప్పే మాటే చెప్పారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ సంతోషమ్మ ఆ మాట వింటూనే ఉంది. విన్న ప్రతిసారీ చుట్టుపక్కల వాళ్ళని పరీక్షించింది. ఫలానా వాళ్ళు ఏ మొహంతో తీసుకుంటున్నారో, ఫలానా మనిషి చెయ్యి వణికిందో లేదో చూసేది. ఈ రోజు కూడా అలవాటు కొద్దీ ఆమె కళ్ళు షాలోమ్ మీదికే పోయాయి. తెల్లచొక్కా, తెల్ల గుడ్డ కప్పిన పళ్ళెం, దించుకున్న తల. పాపం, పిల్లాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రాత్రి ఇంట్లో బాగానే పడి ఉంటాయి. వీణ్ణి చూసి ఏం చేస్తావే సంతోషమ్మా అనిపించింది. నీ వంతు వస్తోంది, నీది నువ్వు చూసుకో.

పళ్ళెం మూడో వరసకి వచ్చింది. గుడి మొత్తం మెడలు చాచింది. షాలోమ్ జాయ్స్ ముందు ఆగాడు. ఆమె రొట్టెముక్క తీసుకుంది. చెయ్యి వణకలేదు. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. వెనక ఎవరో నిట్టూర్చారు, సంతోషంతోనో, నిరాశతోనో తెలీదు.

పళ్ళెం పక్కకి జరిగి సంతోషమ్మ ముందుకొచ్చింది. ఆమె చేతులు ఒళ్ళోంచి లేవలేదు. ఆమె చూడలేదేమోనని షాలోమ్ పళ్ళెం ఇంకాస్త ముందుకు చాచాడు.

"నాకొద్దు బావూ," అంది సంతోషమ్మ. "ఈ వేళ నాను తీసుకోకూడదు. నువ్వు ముందుకి పో."

మెల్లగానే అంది. కానీ అంత నిశ్శబ్దంలో మెల్లగా అన్నది కూడా చివరి వరస దాకా పోయింది. షాలోమ్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అయ్యగారు పుస్తకంలోంచి తలెత్తారు. ఆ గుడిలో పెద్దలు ఆపగా ఆగినవాళ్ళున్నారు గానీ, తనంతట తను ఆగిన మనిషిని ఎవరూ చూసి ఉండరు. పళ్ళెం కదిలి పక్క మనిషి దగ్గరికి వెళ్ళింది. గుసగుసలు కూడా వెంటనే కదిలాయి.

వెనక నుంచి సుజానా, పక్కావిడ చెవిలో అంటున్నానని అనుకుంటూనే అందరికీ వినపడేలా అంది. "సంతోషమ్మకేటైనాదే? తీసుకోకూడదంటన్నాది! ఏటో పెద్దదే సేసుంటాది."

సంతోషమ్మ వెనక్కి తిరగలేదు. ఆ గుసగుస ఎంత వాడిగా ఉంటుందో, విసిరేవాళ్ళకి కాక తగిలేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆమెకి ఇన్నేళ్ళకి తెలిసింది. వీపు మీద కారం పూసినట్టుంది. అక్కడ్నుంచి లేచిపోదామనుకుంది.

అప్పుడు జాయ్స్ వెనక్కి తిరిగింది. అత్త వంక చూడలేదు, సూటిగా సుజానా వంకే చూసింది. గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు.

"ఆవిడ ఇక్కడే ఉంది కదా పిన్నీ," అంది. "ఏమైందో ఆవిణ్ణే అడుగు."